సాక్ష్యంలో ఆవిడ

పెట్టెల బరువు చూడటానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముందు ఆమె పెట్టెను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని కాటా మీద నిలబడాలి. భర్త వంగి అంకె చూడాలి. తరువాత ఆమె పెట్టె దించి ఉత్త చేతులతో నిలబడాలి. అతను మళ్లీ వంగి చూసి, మొదటి అంకెలోంచి రెండోది తీసేయాలి. బరువు ఎత్తితే అతనికి నడుం పట్టేస్తుంది కాబట్టి ఎత్తే పని ఆమెది, లెక్కల పని అతనిది.

"నిన్ను తీసేస్తే సరిగ్గా సరిపోతుంది," అన్నాడతను నడుం మీద చెయ్యి వేసుకుని లేస్తూ.

అతను వెక్కిరించలేదు, లెక్క చెప్పాడంతే. ఆమె కాటా దిగి పెట్టెను గోడ వారకు జరిపింది. ఇంకా పెట్టెలున్నాయి. సముద్రం అవతలి దేశానికి, దేవుని మాట చెప్పడానికి, కుటుంబమంతా వెళ్తున్నారు. వంటగది సామాను కొంత అమ్మింది ఆమె. అమ్ముడుపోనిది పంచిపెట్టింది ఆమె. కూతురి బడి కాగితాలకు తిరిగింది, టీకాలకు తిప్పింది, కరెంటు ఆఫీసు వాళ్లతో, గ్యాసు వాళ్లతో మాట్లాడి కనెక్షన్లు తీసేయించింది, అక్కడి భాషను గిన్నెలు తోముతూ ఫోనులో విని నేర్చుకుంది. మరి అతను ఏం చేశాడంటే, దేవుని పిలుపు అందుకున్నాడు. అంత పెద్ద పని అయ్యాక మిగిలినవన్నీ చిన్న పనులే కదా.

ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. రాజీనామా ఇచ్చిన రోజున ల్యాబ్ పెద్ద, "మీకేమమ్మా, సాక్షాత్తూ దేవుడే బదిలీ చేశాడు," అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. బదిలీ ఉత్తర్వు తన పేరున రాలేదని చెబుదామనుకుంది గానీ, అప్పటికే అతను ఆమె కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో పక్కవాళ్లతో మాట్లాడుతున్నాడు. ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చుని ఎంతమంది నెత్తురు చూసిందో. తెల్ల కోటు ఉతికి, ఇస్త్రీ చేసి, ఇచ్చేసి వచ్చింది.

తమ కోసం ప్రార్థన చేయమని సంఘాల్లో పంచడానికి ముగ్గురి ఫొటోతో కార్డులు అచ్చు వేయించారు. కింద "మిషనరీ, కుటుంబం" అని ఉంది. ఆ కార్డును తీసుకెళ్లి జనం ఫ్రిజ్‌ల మీద అంటించుకుంటారు. ముక్కూ మొహం తెలియని వాళ్ల వంటగదుల్లో తన మొహం వేలాడుతోందని తలుచుకుంటే ఆమెకు ఒళ్లు జలదరించేది. ఫొటోలో కూతురు మధ్యన ఉంది. ఆ పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. అచ్చు తండ్రి పోలిక, తల్లిది ఒక్క అణువూ రాలేదని చూసినవాళ్లంతా అంటారు.

అసలు సంగతి ఆ సాక్ష్యం దగ్గర మొదలైంది.

మిషనరీగా వెళ్లేవాళ్లు ముందు సంఘాలన్నీ తిరిగి, దేవుడు తమను ఎలా పిలిచాడో జనానికి చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. అది వినే జనం మనసు కరిగి, మీకు మేమున్నామని ముందుకొస్తారు. మొదటిసారి చెప్పినప్పుడు అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "మా రెండో పాప పుడుతూనే చనిపోయింది. నా భార్య ఏమీ మాట్లాడలేదు. ఆ రోజే నాకు పిలుపు వచ్చింది," అన్నాడు. ఏమీ మాట్లాడలేదన్నది పూర్తి నిజం కాదు. అయినా ఆమెకు అది పెద్ద తేడాగా అనిపించలేదు. ఇంకో సంఘంలో, "నా భార్య నా చెయ్యి పట్టుకుంది," అన్నాడు. ముందు వరసలో కూర్చున్న ఆమె తన చెయ్యి వంక చూసుకుంది. మరోచోట ఆమె మంచం మీద లేచి కూర్చుంది. ఆ తరువాతి చోట కళ్లు పైకెత్తింది. అప్పుడు వీళ్లను పంపుతున్న సంస్థ పెద్దాయన, శిక్షణ తరగతిలో, "సాక్ష్యం బాగుంది బ్రదర్. కానీ సిస్టర్ గారు ఏమన్నారో కూడా చెప్పండి. తల్లి అన్న మాటైతే జనానికి గుర్తుండిపోతుంది," అని సలహా ఇచ్చాడు. ఆ మరుసటి ఆదివారమే ఆమె నోరు విప్పింది. "ఒకరిని తీసుకున్నావు ప్రభువా, మిగిలిన మమ్మల్ని కూడా తీసుకో," అంది.

చర్చి అంతా ఒక్క గొంతుతో స్తోత్రం అంది. అతను కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు, నిజంగానే ఏడుస్తున్నాడు. ఆమె బెంచీ అంచు పట్టుకుని, ఎవరా ఇల్లాలు అన్నట్టు చుట్టూ చూసింది. అందరూ తననే చూస్తున్నారు.

ఆ రోజు ఇంటికి వచ్చాక అడిగింది. "నేనలా అనలేదు కదండీ."

"నీ మనసులో ఉన్నదే కదా," అన్నాడతను మేజోళ్లు విప్పుకుంటూ. "నువ్వు చెప్పలేకపోయావు, నేను చెప్పాను. అయినా దేవుడికి మహిమ వస్తుంటే నీకేం పోయింది?"

ఆమె ఆ మేజోళ్లు తీసి ఉతకడానికి వేసింది.

ఆ రోజు నుంచి ఆవిడ, అంటే సాక్ష్యంలో ఆవిడ, వీళ్లతోనే ఉంటోంది. ఆవిడకు అలసట లేదు. పాలు పొంగినా విసుక్కోదు. ఏ సంఘానికి వెళ్లినా జనం ముందు ఆవిడనే పలకరిస్తారు. ఒకచోట ఒక పెద్దావిడ ఈమె రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు అన్న ఆ మాట పట్టుకునే తల్లీ, నా కొడుకు పోయిన దుఃఖం దిగమింగాను," అని భోరున ఏడ్చింది. ఆ పెద్దావిడతో ఏమనాలి? నేను కాదమ్మా, ఆవిడ వేరు, అనాలా? ఈమె ఆ ముసలి భుజం నిమురుతూ నిలబడింది, ఇంకొకరికి చెందిన కృతజ్ఞతను తాను జేబులో వేసుకుంటున్నట్టు సిగ్గుపడుతూ. సామాను పోయిన గదుల్లో ఇప్పుడు మాట అంటే గోడలు తిరిగి అంటున్నాయి. ఆమె బట్టలు మడతపెడుతూ ఏదైనా కూనిరాగం తీస్తే పక్కగదిలోంచి అది ఇంకాస్త భక్తిగా వినిపిస్తోంది. అద్దం కూడా అమ్మేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అందులో ఎవరు కనిపిస్తారోనని భయపడేది.

ఆ ఆస్పత్రి గది ఆమెకు బాగా గుర్తు. గుర్తుండటమే తన ఆస్తి అనుకునేది. కిటికీ తలుపు ఒకటి సరిగ్గా పడేది కాదు, గాలికి కొట్టుకునేది. నర్సు చేతుల్లో నీలం అంచు తువ్వాలు చుట్టిన చిన్న మూట ఉంది. ఆ నర్సు కొత్త పిల్ల, ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలోనే నిలబడి, "చూస్తారా అమ్మా?" అంది. "నాకివ్వండి," అంది ఆమె. "వద్దు నర్సమ్మా, తను తట్టుకోలేదు," అన్నాడు భర్త. నర్సు అతని మాట వింది. అతనూ, అత్తగారూ మూటతో బయటికి వెళ్లారు. పాపను చర్చి వెనక గోడవారన పెట్టారని చెప్పారు, చిన్నపిల్లలకు సమాధి రాయి పెట్టరట. తట్టుకోలేదు. ఆ మాట చాలా మర్యాదగా తలుపు వేసేసింది. ఆ తరువాత ఆమె చాలా తట్టుకుంది. పాపకు పాలు అక్కర్లేదని ఆమె ఒంటికి ఎవరూ చెప్పలేదు కాబట్టి పాలు వచ్చాయి. జాకెట్లు తడిసి అట్టకట్టేవి. అత్తగారు వచ్చి గుడ్డ బిగించి కట్టి, "ఇంకిపోతాయిలే అమ్మాయ్, తాకకు," అంది. ఆ తువ్వాలును ఆస్పత్రి నుంచి మామూలు బట్టలతో కలిపి తెచ్చేశారు. ఆమె ఉతికి దాచుకుంది.

ఇవన్నీ గుర్తున్నాయనే ధైర్యంతోనే ఉండేది. కానీ ఈ మధ్య ఒక మధ్యాహ్నం, గిన్నెలను కాగితాల్లో చుడుతుండగా, ఆ గది మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. కిటికీ కొట్టుకుంది. నర్సు గుమ్మంలో నిలబడింది. మంచం మీది మనిషి లేచి కూర్చుని, కళ్లు పైకెత్తి, "ఒకరిని తీసుకున్నావు ప్రభువా," అంది. ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "కాదు, నాకివ్వండి అన్నాను," అని పైకే అనుకుంది. తన మాట తనకే అబద్ధంలా వినిపించింది. ఎన్ని సంఘాల్లో విన్నదో ఆ రెండో మాట, అది గట్టిగా ఉంది. తన మాటకు సాక్షులు లేరు. నర్సు ఎవరో తెలియదు. భర్తను అడిగితే అతనికి నిజంగానే గుర్తులేదు. ఇక మిగిలింది అత్తగారు. ఆవిడను అడగలేదు. ఆ సాక్ష్యం ఆ ఘట్టానికి వచ్చేసరికి అత్తగారు ప్రతిసారీ, మోకాళ్లు పట్టేశాయంటూ లేచి బయటికి వెళ్లిపోతుంది. ముసలితనం, ఓపిక లేదు అనుకునేది ఆమె.

వీడ్కోలు కూటం ఇంక రేపనగా సంస్థ పెద్దాయన వచ్చాడు. కుర్చీలు లేవు, పెట్టె మీద కూర్చున్నాడు. చూడబోతే మంచివాడే. "మా సంస్థలో ఒక నియమం ఉందమ్మా. భర్త పిలుపు ఒక్కటే చాలదు. భార్య కూడా తనకు పిలుపు వచ్చిందని సంఘం ముందు స్వయంగా, తన నోటితో చెప్పాలి. అది లేకుండా మేం పంపం. ఆడవాళ్లను బలవంతంగా తీసుకెళ్లడం మాకు ఇష్టం ఉండదు," అన్నాడు.

"తను అన్న మాట అందరికీ తెలిసిందే కదండీ," అన్నాడు భర్త. "అదే చెబుతుంది."

పెద్దాయన వెళ్లాక భర్త ఆమె వైపు తిరిగాడు. "అదే ఒక్క మాట చెప్పి కూర్చో. మైకు కాస్త నోటికి దగ్గరగా పెట్టుకో. నువ్వు మాట్లాడితే వెనక వాళ్లకు వినిపించదు."

ఆమె సరేనంది. అనేసింది కూడా. ఒక్క వాక్యం. అంటే పోయేదేముంది, ఇన్నాళ్లూ అతను అన్నదే. ఆ వాక్యం తన నోటితో అంటే ఇక ఇద్దరు ఉండరు, ఆవిడా తనూ ఒకటైపోతారు, ఈ లోపలి గోల ఆగిపోతుంది. అక్కడ, ఆ దూరదేశంలో, వేరే మాట తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. ఆమెకు అది ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. వెళ్లడం ఆమెకు ఇష్టం లేక కాదు. దేవుడి మీద కోపమూ లేదు. దేవుడు ఆమెతో ఎప్పుడూ ఆ పిలిచే స్వరంతో మాట్లాడలేదు, అంతే.

పిచ్చుక కనిపించలేదు. వెతుక్కుంటూ పడకగదికి వెళ్లింది. మంచం అమ్మేశాక మిగిలిన ఖాళీలో, నేల మీద, పిల్ల వెల్లకిలా పడుకుని ఉంది. కళ్లు మూసుకుంది. పక్కన బొమ్మ. దానికి నీలం అంచు తువ్వాలు చుట్టి ఉంది. ఏ పెట్టెలోంచి లాగిందో.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. పిల్ల లేచి కూర్చుంది. బొమ్మను రెండు చేతులతో పైకి ఎత్తింది. కళ్లు కప్పు వైపు తిప్పింది. తండ్రి గొంతులో వణుకు ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడే వణికిస్తూ, "ఒకరిని తీసుకున్నావు ప్రభువా, మిగిలిన మమ్మల్ని కూడా తీసుకో," అంది. అప్పుడు తల్లిని చూసింది.

"నీలా చేస్తున్నాను," అంది. తరువాత బొమ్మ తువ్వాలు సర్దుతూ, "మిగిలిన మమ్మల్ని అంటే నేను కూడానా?" అని అడిగింది.

ఆమె ఒక అడుగు లోపలికి వేసింది.

"నాన్న, నువ్వు, నేను. మిగిలింది మనమేగా." పిల్ల బాగా ఆలోచించే మాట్లాడుతోంది. "నన్ను అడక్కుండా ఎందుకిచ్చావు?"

"నేను ఇవ్వలేదురా. నేనలా అనలేదు."

"నాన్న చెప్పాడుగా. చర్చిలో. చర్చిలో అబద్ధం చెప్పరు." పిల్ల ఆమె మొహం వంక చూసింది, నిజం ఎవరు చెబుతున్నారో తేల్చుకోవడానికన్నట్టు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చి, గొంతు తగ్గించి, "విమానం ఎక్కితే పైకే కదమ్మా వెళ్తాం. అప్పుడు తీసుకుంటాడా? బొమ్మని మాత్రం నేను తేను. అమ్మమ్మ వాళ్లింట్లో దాచేస్తాను," అంది.

ఆమె నేల మీద చతికిలపడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. పిల్ల వచ్చింది గానీ, ఎప్పటిలా ఒళ్లు వదిలెయ్యలేదు. బిగుసుకునే ఉంది. ఎన్నాళ్లుగా ఇలా బిగుసుకుని తిరుగుతోందో, పెట్టెల గొడవలో తాను చూసుకోలేదు. ఏం పోయిందని అతను అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరికింది. ఆవిడ ఇల్లు తీసుకుంది, పోనీ. తన జ్ఞాపకం తీసుకుంది, అదీ పోనీ. ఇప్పుడు ఈ పిల్లకు తల్లి కూడా ఆవిడే.

భర్తకు చెప్పింది. అతను పెట్టెల తాళాలకు అంటించే కాగితాల మీద గుర్తులు వేస్తున్నాడు. "పిల్లలు ఏదో ఒకటి అంటుంటారు. అక్కడికి వెళ్లాక అదే సర్దుకుంటుంది," అన్నాడు తలెత్తకుండా.

మర్నాడు ఆరాధన అయ్యాక కూటం మొదలైంది. చర్చి కిటకిటలాడింది. పూల దండలు, ఫొటోలు అయ్యాయి. అతను సాక్ష్యం చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, ఎన్నిసార్లో విన్న ఆమెకే మంచం మీది మనిషి మీద జాలి కలిగింది. ఆ మాట వచ్చే చోట మాత్రం ఆగి, "ఆ రోజు నా భార్య ఏమందో ఇవాళ తన నోటితోనే వినండి," అని మైకు ఆమెకు అందించాడు. రెండో వరసలో అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేవబోతోంది. ముందు బెంచీలో పిచ్చుక, కాళ్లు నేలకు అందక, బెంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఆమె మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది. అతను చెప్పినట్టే.

"ఆ రోజు నేను లేచి కూర్చోలేదండీ," అంది. "లేవలేకపోయాను. పైకి చూడలేదు, తలుపు వైపు చూశాను. నర్సు పాపను తువ్వాలులో చుట్టి తెచ్చింది. నాకివ్వండి అన్నాను. ఇవ్వలేదు. నేనన్న మాట అంతే."

 ఎవరో స్తోత్రం అనబోయి, అనాలో వద్దో తెలియక మధ్యలో ఆపేశారు. భర్త ఆమె మోచేతిని మెల్లిగా తాకాడు. ఆమె కూతురి వైపు తిరిగింది.

"మిగిలినవాళ్లను తీసుకో అని నేను ఎవరితోనూ అనలేదమ్మా. నిన్ను ఎవరికీ ఇవ్వలేదు. చెల్లిని కూడా ఇవ్వలేదు. అడిగాను."

పిచ్చుక బెంచీ మీంచి ఒక చెయ్యి తీసింది.

సంస్థ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కుర్చీలోంచి ముందుకు వంగి, చాలా మెత్తగా, "మరి మీ పిలుపు సంగతి సిస్టర్?" అన్నాడు.

"నన్ను ఇంకా ఎవరూ పిలవలేదండీ," అంది ఆమె. "పిలిచిన రోజున చెబుతాను."

భర్త ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం కంటే దిగ్భ్రమే ఎక్కువ. ఇన్నాళ్లూ తనతో సంఘాలన్నీ తిరిగిన భార్య ఎటు పోయిందో తెలియనివాడిలా ఉన్నాడు. ఆమెకు అతన్ని చూసి బాధ కలిగింది. అతనికి ఆవిడే భార్య, పాపం. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

బయటికి వెళ్దామని లేచిన అత్తగారు బెంచీల మధ్య నడవాలో అలాగే నిలబడిపోయింది. గుమ్మం వైపు ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. మైకు లేకపోయినా ఆవిడ గొంతు వెనక వరస దాకా వినిపించింది.

"నీ గడ్డమే, అమ్మాయ్," అంది.

అందరి తలలూ అటు తిరిగాయి.

"పాపది అచ్చు నీ గడ్డం. ఆ నొక్కుతో సహా. నేనే ఒళ్లు తుడిచాను. తువ్వాలు తీసి, నేను తెచ్చిన పూల చీటీగుడ్డ చుట్టి పంపాను. నీకు చూపించాలనే అనుకున్నాను. వాడు వద్దన్నాడు, ఊరుకున్నాను. ఆ మాట వాడు చెప్పినప్పుడల్లా నాకు ఆ గడ్డమే కనబడుతుంది, కూర్చోలేను."

"అమ్మా, ఇప్పుడెందుకది," అన్నాడు భర్త. ఆవిడ వినలేదు, లేదా విననట్టు ఊరుకుంది.

ఆమె మైకు కట్టేసి బల్ల మీద పెట్టింది. మెట్లు దిగి, పిచ్చుకను ఎత్తుకుని, నడవాలో నిలబడ్డ అత్తగారి చెయ్యి పట్టుకుని దగ్గరున్న బెంచీ మీద కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది. పిల్ల ఆమె భుజం మీద తల వాల్చి ఒళ్లు వదిలేసింది.

"జుట్టు ఉందా అత్తయ్యా?" అని అడిగింది ఆమె.